మెదడు పొరల టీబీకి ఆస్పిరిన్ కూడా కలపాలా: ఎవరికి మేలు, ఎవరికి వద్దు

మెదడు పొరల టీబీ అని తేలింది. వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేశారు, టీబీ మందులు మొదలయ్యాయి, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. ఇక్కడిదాకా ఏ ఆసుపత్రికి వెళ్లినా దాదాపు ఒకే మాట చెప్తారు. ఆ తర్వాతి ప్రశ్న దగ్గరే డాక్టర్ల మాటలు వేరవుతాయి. వీటికి తోడు రోజూ ఆస్పిరిన్ ఇవ్వాలా, అక్కర్లేదా?

విశాఖలో ఈ తేడా కుటుంబాలకు మరీ ఎక్కువగా ఎదురవుతుంది. శ్రీకాకుళం, పార్వతీపురం, పాడేరు వైపు నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి రోగిని ముందు దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్తారు. అక్కణ్నుంచి కేజీహెచ్‌కో, విమ్స్‌కో, కొందరు ఆరిలోవ హెల్త్ సిటీలోని ప్రైవేటు ఆసుపత్రికో వస్తారు. ఒక చీటీలో ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్ బిళ్ళే) ఉంటుంది, ఇంకో చీటీలో ఉండదు. ‘ఆ గుండె బిళ్ళ మావోడికెందుకు బాబూ?’ అని ఒక పెద్దాయన అడుగుతాడు. ‘మా అత్తకి పక్షవాతం వస్తే ఇదే ఇచ్చారు, మరి మా తమ్ముడికి ఎందుకు ఇవ్వట్లేదు సార్?’ అని ఇంకొకరు అడుగుతారు. రెండూ అడగాల్సిన ప్రశ్నలే. రెండు చీటీలూ సరైనవే అయ్యుండొచ్చు కూడా, ఎందుకంటే జవాబు మందులో కంటే రోగి స్థితిలో ఎక్కువగా ఉంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆస్పిరిన్ అందరికీ కళ్లు మూసుకుని రాసే మందు కాదు, అలాగని పక్కన పడేసే మందూ కాదు. ఎంఆర్ఐలో రక్తనాళం మూసుకుపోయిన గుర్తులు కనిపించిన పెద్దవాళ్లకు, రక్తస్రావం ప్రమాదం లేకపోతే, తక్కువ మోతాదు ఆస్పిరిన్ వైపు నేను మొగ్గుతాను. మిగతావాళ్ల విషయంలో కింద చెప్పేవి ఒక్కొక్కటీ చూసుకుని, వైద్యం చేస్తున్న న్యూరాలజిస్టుతో మాట్లాడి తేల్చుకోవాలి. ఇది చదివి ఎవరూ సొంతంగా బిళ్ళ మొదలుపెట్టకూడదు, రాసిన బిళ్ళ ఆపేయనూ కూడదు.

అసలు ఆస్పిరిన్ ప్రస్తావన ఎందుకు వచ్చింది

ఈ జబ్బులో మనిషిని మంచాన పడేసేది క్రిమి ఒక్కటే కాదు. క్రిమి మీద మన ఒంటి రక్షణ వ్యవస్థ చేసే దాడి కూడా అంత నష్టమూ చేస్తుంది. మెదడు అడుగు భాగంలో వాపు నీరు చిక్కటి గంజిలా పేరుకుంటుంది. మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద నాళాలు, వాటిలోంచి లోపలికి వెళ్లే సన్నని కొమ్మలు అన్నీ ఆ చోటి గుండానే వెళ్లాలి. నాళాల గోడలు వాస్తాయి, లోపలి దారి ఇరుకవుతుంది, అక్కడ ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు, అతుక్కుని గడ్డ కడుతుంది. ఆ నాళం రక్తం అందించే భాగం చచ్చుబడుతుంది. కాలూ చెయ్యీ పడిపోవడం, మాట పోవడం, మనిషి పిలిచినా పలక్కపోవడం చాలామందిలో ఇలాగే జరుగుతుంది. వేర్వేరు చోట్ల చేసిన అధ్యయనాల్లో ఈ జబ్బు వచ్చినవాళ్లలో 15 నుంచి 57 శాతం మందికి ఇలాంటి స్ట్రోక్ కనిపించింది. ఎంఆర్ఐ తీసిన చోట్ల లెక్క ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే బయటికి లక్షణం కనిపించని చిన్న చిన్న దెబ్బలు కూడా అందులో బయటపడతాయి.

ఇంకో బాధ ఏమిటంటే, ఇలాంటి స్ట్రోక్ టీబీ మందులు మొదలయ్యాక కూడా రావచ్చు. ‘మందు పడుతోంది కదా, మరి నిన్న బాగున్న చెయ్యి ఇవాళ ఎందుకు లేవట్లేదు?’ అని ఇంట్లోవాళ్లు డాక్టరు మీద కోపం తెచ్చుకునేది అప్పుడే. మందు పనిచేయలేదనడానికి అది రుజువు కాదు. క్రిమి చస్తున్నా వాపు వెంటనే తగ్గదు.

స్టెరాయిడ్ ఇచ్చేది ఆ వాపు కోసమే. వియత్నాంలో 545 మంది మీద చేసిన పెద్ద ట్రయల్ 2004లో వచ్చింది. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలో మరణాలు 31.8 శాతం, ఇవ్వనివాళ్లలో 41.3 శాతం. అది చిన్న తేడా కాదు. కానీ బతికినవాళ్లలో వైకల్యం తగ్గినట్టు ఆ ట్రయల్‌లో తేలలేదు. ప్రాణం నిలిచినా చెయ్యీ కాలూ కోల్పోతున్నవాళ్లు అలాగే మిగిలారు. ఆ లోటు పూడ్చడానికే ప్లేట్‌లెట్లను ఆపే మందు వైపు చూశారు. ఆస్పిరిన్ దశాబ్దాలుగా తెలిసిన మందు, ధర అతి తక్కువ, పల్లెటూరి మందుల షాపులో కూడా దొరుకుతుంది.

ఆస్పిరిన్ పని మోతాదును బట్టి మారుతుంది. రోజుకు 75 నుంచి 150 మి.గ్రా. వేస్తే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా అడ్డుపడుతుంది. 1000 మి.గ్రా. దాకా వెళ్తే ఆ పనితో పాటు వాపు మీద కూడా కొంత పనిచేస్తుంది. వాపును తనంతట తాను చల్లారేలా చేసే పదార్థాలు మెదడు నీటిలో పెరగడం పరిశోధకులు గమనించారు. కాబట్టి ఆస్పిరిన్ అనగానే ‘ఎంత?’ అనే ప్రశ్న కూడా వెంటనే రావాలి. ఒకే పేరున్నా ఇవి దాదాపు రెండు వేరు వేరు వైద్యాలు.

ట్రయల్స్‌లో తేలింది ఏమిటి

మొదట చెప్పుకోవాల్సింది మన దేశంలోదే. లక్నోలోని సంజయ్ గాంధీ పీజీఐలో 118 మంది మీద చేసిన ట్రయల్ 2010లో అచ్చయింది. సగం మందికి రోజుకు 150 మి.గ్రా. ఆస్పిరిన్, మిగతావాళ్లకు మందు లేని ఉత్త బిళ్ళ. స్ట్రోక్ వచ్చినవాళ్లు ఆస్పిరిన్ వైపు 24.2 శాతం, ఉత్త బిళ్ళ వైపు 43.3 శాతం. మూడు నెలల్లో మరణాలు 21.7 శాతం, 43.4 శాతం. చూడగానే ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ స్ట్రోక్ లెక్కలోని తేడా గణాంకాల పరీక్షకు నిలవలేదు. అది యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పడానికి అంత చిన్న గుంపు సరిపోదు. మరణాల తేడా నిలిచింది. అయితే ట్రయల్ రూపొందించినప్పుడు ప్రధానంగా అడిగిన ప్రశ్న స్ట్రోక్ గురించి. అందుకే చాలామంది నిపుణులు దీన్ని ఆశ కలిగించే ఫలితంగా తీసుకున్నారే తప్ప, తీర్పుగా తీసుకోలేదు.

తర్వాతిది వియత్నాం, 2018. హెచ్ఐవీ లేని 120 మంది పెద్దవాళ్లను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు 81 మి.గ్రా., ఇంకో గుంపుకు 1000 మి.గ్రా., మూడో గుంపుకు ఉత్త బిళ్ళ. అందరికీ టీబీ మందులు, డెక్సామెథాసోన్ ఉన్నాయి. ఆస్పిరిన్ ఇచ్చింది 60 రోజులు. ఆ 60 రోజుల్లో మెదడులో కొత్తగా దెబ్బ తగిలినవాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి ఉత్త బిళ్ళ వైపు 28.9 శాతం, 81 మి.గ్రా. వైపు 22.2 శాతం, 1000 మి.గ్రా. వైపు 15.8 శాతం. పరీక్షలో టీబీ క్రిమి ఖాయంగా దొరికినవాళ్లను మాత్రమే చూస్తే తేడా ఇంకా పెరిగింది: 34.4, 14.8, 10.7 శాతం. మోతాదు పెరిగే కొద్దీ మేలు పెరిగినట్టు కనిపిస్తుంది. ఇక్కడా అదే చిక్కు. ఫలితం లెక్కలోకి వచ్చినవాళ్లు ఒక్కో గుంపులో నలభై మంది కూడా లేరు, క్రిమి దొరికినవాళ్లలో కూడా తేడా గణాంకాల గీత దాకా వచ్చి ఆగింది. కడుపులో గానీ మెదడులో గానీ రక్తస్రావం విషయంలో గుంపుల మధ్య గట్టి తేడా కనిపించలేదు. ఇది ఊరటనిచ్చే విషయమే. అయినా అరుదైన ప్రమాదాన్ని పట్టుకోవడానికి కూడా ఇంత చిన్న ట్రయల్ చాలదని గుర్తుంచుకోవాలి.

దక్షిణాఫ్రికాలో 146 మంది పిల్లల మీద చేసిన ట్రయల్ 2011లో వచ్చింది. ఒక చెయ్యీ కాలూ పడిపోవడంలో గానీ, పిల్లల ఎదుగుదలలో గానీ ఆస్పిరిన్ స్పష్టమైన మేలు చూపలేదు.

వీటన్నిటినీ కలిపి చూసిన విశ్లేషణల్లో కొత్త స్ట్రోకులు తగ్గే సూచన ఉంది, మరణాలు తగ్గుతాయని మాత్రం నిలబడలేదు. అందుకే ఈ జబ్బున్న ప్రతి ఒక్కరికీ ఆస్పిరిన్ ఇవ్వాలని మార్గదర్శకాలు చెప్పలేదు. పెద్ద జవాబు కోసం పెద్ద ట్రయల్స్ మొదలయ్యాయి. ఐవరీ కోస్ట్, మడగాస్కర్, దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో పెద్దవాళ్ల కోసం ఇంటెన్స్-టీబీఎం, పిల్లల కోసం భారత్‌తో సహా అయిదు దేశాల్లో ష్యూర్. మీ డాక్టరు ఆస్పిరిన్ రాసినా వద్దన్నా, ఏ ఆధారం మీద అంటున్నారో అడగండి. అది అగౌరవం కాదు.

మీ ముందున్న దారులు

ఒకటి, ఆస్పిరిన్ లేకుండా టీబీ మందులు, స్టెరాయిడ్ మాత్రమే. దీన్ని ఏమీ చేయకపోవడం అనుకోవద్దు. రుజువైన వైద్యం ఇదే. తొలి దశలోనే జబ్బు పట్టుబడి, మనిషి పూర్తి స్పృహలో ఉండి, ఎంఆర్ఐలో రక్తనాళాల దెబ్బ లేకపోతే ఈ దారి పూర్తిగా సబబైనది. ‘పక్క బెడ్డు ఆయనకి ఇస్తున్నారు, మనకి ఇవ్వట్లేదు’ అని టెన్షన్ పడాల్సిన పని లేదు.

రెండోది, ఇంకా స్ట్రోక్ రాకముందే ముందు జాగ్రత్తగా తక్కువ మోతాదు, అంటే 75 లేదా 150 మి.గ్రా. లక్నో ట్రయల్ దగ్గరగా నిలిచేది దీనికే. ఎవరికి ఆలోచించవచ్చు? మెదడు అడుగున వాపు దట్టంగా ఉన్నవాళ్లకు, ఎంఆర్ఐతో పాటు తీసే రక్తనాళాల చిత్రంలో నాళాలు ఇరుకైనవాళ్లకు, మగత మొదలైనవాళ్లకు. బీపీ, షుగర్, పొగతాగే అలవాటు ఉన్న పెద్ద వయసువాళ్లకు నాళాలు ముందే దెబ్బతిని ఉంటాయి కాబట్టి మొగ్గు ఇంకాస్త పెరుగుతుంది, కానీ వాళ్లలోనే కడుపు పుండ్లు కూడా ఎక్కువ. ఇది రెండు వైపులా బరువున్న నిర్ణయం. ఇద్దరు మంచి డాక్టర్లు రెండు రకాలుగా చెప్పేది ఎక్కువగా ఇలాంటి రోగి దగ్గరే.

మూడోది, ఎంఆర్ఐలో స్ట్రోక్ కనిపించాక మొదలుపెట్టడం. ఇక్కడ నాకు సందేహం తక్కువ. నాళం మూసుకుపోయి స్ట్రోక్ వచ్చిన ఏ రోగికైనా మరోటి రాకుండా ఆస్పిరిన్ ఇవ్వడం మామూలు వైద్యంలో భాగమే. టీబీలో నాళం మూసుకుపోయే తీరు వేరైనా, ఒక నాళం పోయిన మనిషికి పక్క నాళం కూడా అదే వాపులో ఉంది. అయితే ఒక్కటి తప్పనిసరిగా అడగండి: స్కాన్‌లో కనిపించింది నాళం మూసుకుపోయిన దెబ్బా, లేక రక్తం చిమ్మిన దెబ్బా? ‘మెదడులో గడ్డ ఉందన్నారు’ అని ఇంట్లోవాళ్లు చెప్పే మాట రెండింటికీ సరిపోతుంది. టీబీ గడ్డకు కూడా అదే మాట వాడతారు. మూడింటికీ వైద్యం వేరు. రక్తం చిమ్మితే ఆస్పిరిన్ ఇవ్వరు.

నాలుగోది రోజుకు 1000 మి.గ్రా. వియత్నాం అంకెల్లో ఇదే అన్నిటికంటే బాగా కనిపించిందని చదివి, ‘పెద్ద డోసే ఇవ్వండి సార్’ అని అడిగేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అక్కడ ఆ గుంపులో ఫలితం లెక్కలోకి వచ్చింది 38 మంది. వాళ్లను రోజూ కనిపెట్టుకుని ఉన్నారు, ఎవరికి ఇవ్వకూడదో ముందే వడకట్టారు. మన దగ్గర వారం పది రోజులు వార్డులో ఉండి ఊరికెళ్లిపోయే రోగికి స్టెరాయిడ్‌తో పాటు అంత ఆస్పిరిన్ వేసి పంపితే, పాడేరు దాటిన ఊళ్లో అర్ధరాత్రి రక్తపు వాంతి అయితే ఎవరు చూస్తారు? ట్రయల్‌లో భాగంగా గానీ, న్యూరాలజిస్టు కళ్ల ముందు వార్డులో ఉన్నంతకాలం గానీ తప్ప ఈ దారి వద్దు. ఇంట్లో తలనొప్పికని డిస్ప్రిన్ కరిగించి తాగించడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. అందులో ఉండే ఆస్పిరిన్, 75 మి.గ్రా. బిళ్ళకు నాలుగు రెట్ల పైనే.

ఆపాల్సిన సందర్భాలు

కడుపులో పుండు, గతంలో రక్తపు వాంతి, నల్లగా తారులాంటి విరేచనం అయిన చరిత్ర ఉంటే ముందే చెప్పండి. ఆస్పిరిన్ ఒక్కటైనా కడుపును గీరుతుంది, స్టెరాయిడ్ తోడైతే ప్రమాదం పెరుగుతుంది. రెండూ నడుస్తున్నప్పుడు పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర రాయడం మామూలే. చీటీలో అది లేకపోతే అడగండి. ఖర్చు తగ్గుతుందని దాన్ని మానేయవద్దు. రోగికి మద్యం తాగే అలవాటు ఉంటే ఆ సంగతి సిగ్గుపడకుండా చెప్పాలి, కాలేయానికీ కడుపుకీ రెండిటికీ అది ముఖ్యం.

ఆస్పిరిన్ పడని ఉబ్బసం ఉందా? నొప్పి బిళ్ళ వేసుకున్నాక ఎప్పుడైనా ఆయాసం వచ్చిందా, ముఖం వాచిందా? ఉంటే వద్దు.

ఈ జబ్బులో తలలో నీరు చేరడం చాలా సాధారణం. నీరు ఎక్కువైతే షంట్ (ఆ నీటిని ఒంట్లోనే వేరే చోటికి మళ్లించే గొట్టం) వేయాలి, లేదా తాత్కాలికంగా గొట్టం పెట్టి బయటికి తీయాలి. ఆస్పిరిన్ ప్రభావం మందు ఆపిన వెంటనే పోదు. ప్లేట్‌లెట్ బతికి ఉన్నంతకాలం, అంటే వారం నుంచి పది రోజులు ఉంటుంది. ప్రాణం మీదికి వస్తే సర్జన్ ఆగకుండా ఆపరేషన్ చేస్తారు, కానీ రక్తస్రావం సంగతి ముందే తెలిసి ఉండాలి. కాబట్టి స్కాన్‌లో తలలో నీరు పెరుగుతోందని అంటే, షంట్ అవసరం తేలేదాకా ఆస్పిరిన్ ఆపి ఉంచుదామని న్యూరోసర్జన్ అడగడం న్యాయమైన మాటే. న్యూరాలజిస్టు, న్యూరోసర్జన్ ఇద్దరూ వేర్వేరు రౌండ్లలో వచ్చి వెళ్తుంటారు కాబట్టి, ‘సార్, ఈయనకి ఎకోస్ప్రిన్ నడుస్తోంది’ అని సర్జన్‌కు చెప్పే బాధ్యత మంచం పక్కన ఉన్న మనిషి కూడా తీసుకుంటే మంచిది. వెన్నునీరు తీయడం వేరు. తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఒక్కటే ఉంటే మామూలుగా దానికి అడ్డం కాదు.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పాల్సింది డెంగీ, మలేరియా. వర్షాలు పడ్డాక విశాఖలో డెంగీ, ఏజెన్సీలో మలేరియా ప్రతి ఏటా ఉన్నవే. రెండింట్లోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి. టీబీ వైద్యం నడుస్తుండగా ఆ రోజుల్లో కొత్తగా తీవ్రమైన జ్వరం వస్తే, అది టీబీ జ్వరమేలే అని ఊరుకోకుండా రక్తపరీక్ష చేయించి, ప్లేట్‌లెట్ లెక్క చూసేదాకా ఆస్పిరిన్ ఇవ్వాలా ఆపాలా అని ఫోన్‌లోనైనా డాక్టరును అడగాలి. డెంగీ అని తేలితే ఆస్పిరిన్ ప్రమాదకరం.

మిగతా మందులతో కలిసినప్పుడు

చాలా కుటుంబాలకు ఎవరూ వివరంగా చెప్పని భాగం ఇది. అందుకే కొంచెం ఆగి చెప్తాను.

ముందుగా, బిళ్ళ వేసే తీరు. స్పృహ సరిగా లేని రోగికి ముక్కు గొట్టం ద్వారా అన్నీ పొడి చేసి పోస్తారు. ఎకోస్ప్రిన్ లాంటి బిళ్ళలకు కడుపులో కరగకుండా పైన పూత ఉంటుంది, అది పేగులోకి వెళ్లాకే కరగాలి. నూరితే ఆ పూత పోతుంది. గొట్టం ఉన్న రోగికి నీళ్లలో కరిగే రకం రాయమని డాక్టరును గానీ, ఏది నూరవచ్చో ఏది నూరకూడదో వార్డు సిస్టర్‌ను గానీ అడగండి. గ్యాస్ మాత్రల్లో కూడా చాలావాటికి ఇదే వర్తిస్తుంది.

టీబీ మందులు కాలేయాన్ని ఇబ్బంది పెట్టవచ్చు. కళ్లు పచ్చబడి, వాంతులు మొదలై, రక్తం గడ్డకట్టే శక్తే తగ్గితే ఆ సమయంలో ఆస్పిరిన్ మీద రక్తస్రావం ఇంకా సులువు. కామెర్ల గుర్తు కనబడితే అన్ని మందులతో డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పసరు మందు కట్టించుకుని వారం చూద్దామనుకోకూడదు.

టీబీ మందుల్లో ఒకటైన పైరజినమైడ్ వల్ల యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్ల నొప్పులు వస్తాయి. తక్కువ మోతాదు ఆస్పిరిన్ కూడా యూరిక్ యాసిడ్‌ను ఒంట్లో నిలుపుతుంది. మోకాలు వాచిందని మందుల షాపులో డైక్లోఫెనాక్ కొనడం ఇక్కడే జరుగుతుంది. ఆస్పిరిన్, స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ మూడూ ఒకే కడుపులో పడటం చాలా ప్రమాదం. ఐబూప్రొఫెన్‌కు ఇంకో దోషం కూడా ఉంది, తరచుగా వేస్తే ఆస్పిరిన్ ప్లేట్‌లెట్ల మీద చేసే పనికే అడ్డుపడుతుంది. నొప్పికి ఏది వేయాలో డాక్టరే చెప్పాలి.

ఫిట్స్ వచ్చి వాల్‌ప్రోయేట్ వాడుతున్నవాళ్లలో, ముఖ్యంగా పెద్ద మోతాదు ఆస్పిరిన్ ఆ మందు ప్రభావాన్ని పెంచుతుంది. వాల్‌ప్రోయేట్ సొంతంగా ప్లేట్‌లెట్లను కూడా తగ్గించగలదు. మందులకు లొంగని టీబీలో లినెజోలిడ్ ఇస్తారు. అదీ ప్లేట్‌లెట్లను తగ్గించే మందే. ఈ రెండింట్లో ఏదైనా ఉంటే క్రమం తప్పకుండా రక్తపరీక్ష లేకుండా ఆస్పిరిన్ నడపడం సరికాదు. గుండె కోసం ఇప్పటికే రక్తం గడ్డకట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడుతున్న రోగి అయితే లెక్క పూర్తిగా మారుతుంది. టీబీ మందు రిఫాంపిసిన్ వార్ఫరిన్ బలాన్ని తగ్గిస్తుంది, క్లోపిడోగ్రెల్ ప్రభావాన్ని పెంచగలదు. పాత చీటీలన్నీ తప్పక చూపించండి.

భయపడాల్సిన పని లేనిది కూడా ఒకటుంది. రిఫాంపిసిన్ వల్ల మూత్రం, చెమట, కన్నీళ్లు నారింజ రంగులోకి మారతాయి. ఆస్పిరిన్ మొదలుపెట్టగానే మూత్రంలో రక్తం పడుతోందని కంగారుపడి రెండూ ఆపేసినవాళ్లున్నారు. ఆ రంగు మామూలే. విరేచనం నల్లగా జిగటగా ఉండటం, వాంతిలో కాఫీ పొడి రంగు, ఉన్నట్టుండి తీవ్రమైన తలనొప్పితో మగత పెరగడం, చిగుళ్ల నుంచి ఆగని రక్తం, ఒంటిమీద ఎర్రటి చుక్కలు మాత్రం అసలైన ప్రమాద గుర్తులు. అలాంటప్పుడు తెల్లవారేదాకా ఆగకుండా దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అవసరమైతే 108కి ఫోన్ చేయాలి.

పిల్లల విషయం

పిల్లలకు ఇంట్లో నిర్ణయం అంటూ ఏదీ లేదు. ఫ్లూ, ఆటలమ్మ లాంటి వైరస్ జ్వరాల్లో ఆస్పిరిన్ ఇస్తే అరుదుగా కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రేయ్ సిండ్రోమ్ వస్తుంది. పిల్లల న్యూరాలజిస్టు కారణం చెప్పి రాస్తే తప్ప వద్దు. రాస్తే, ఆటలమ్మ సోకినవాళ్ల దగ్గరికి బిడ్డను పంపవద్దు, జ్వరం వస్తే ఆ రోజే చెప్పండి.

హెచ్ఐవీ ఉన్నవాళ్లు

లక్షణాలు ఒకటే అయినా ఇది వేరే లెక్క. వియత్నాం, ఇండోనేషియాల్లో హెచ్ఐవీ ఉన్న 520 మంది పెద్దవాళ్ల మీద చేసి 2023లో అచ్చయిన ట్రయల్‌లో స్టెరాయిడ్ వల్ల కూడా స్పష్టమైన మేలు కనబడలేదు. పైన చెప్పిన వియత్నాం ఆస్పిరిన్ ట్రయల్‌లో వీళ్లను చేర్చుకోలేదు. కాబట్టి ఆ అంకెలు వీళ్లకు అతికించకూడదు. ఏఆర్‌టీ (హెచ్ఐవీ మందులిచ్చే) కేంద్రం డాక్టరు, న్యూరాలజిస్టు ఇద్దరూ మాట్లాడుకోవాల్సిన విషయం ఇది.

ఆస్పిరిన్ కంటే ముందు సరిచూసుకోవాల్సినవి

ఆస్పిరిన్ మీద గంటసేపు చర్చించే కుటుంబం, రోగి బరువు చూసి టీబీ బిళ్ళల సంఖ్య సరిగా ఉందో లేదో ఒక్కసారి కూడా అడగకపోవడం నన్ను బాధపెడుతుంది. టీబీ మందులు బరువును బట్టి ఇస్తారు. మొదటి 2 నెలలు నాలుగు మందులు, మొత్తం వైద్యం 9 నుంచి 12 నెలలు. ఊపిరితిత్తుల టీబీలా 6 నెలలకు ఆపేయకూడదు. డెక్సామెథాసోన్ 6 నుంచి 8 వారాల్లో మెల్లమెల్లగా తగ్గిస్తారు, డిశ్చార్జ్ చీటీలో ఏ వారం ఎంత అన్నది రాసి ఉండాలి. ఇంటికి వెళ్లాక ‘ఆకలి ఎక్కువైంది, ముఖం ఉబ్బింది’ అని ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. మందులు ప్రభుత్వ టీబీ కార్యక్రమం నుంచి ఉచితం. పోషకాహారం కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు వెయ్యి రూపాయలు ఖాతాలో పడాలి. పడకపోతే ఊళ్లో ఆశా కార్యకర్తనో, 1800-11-6666 హెల్ప్‌లైన్‌నో అడగండి. మందుకు లొంగే టీబీయేనా అన్నది వెన్నునీటి మీద చేసిన సీబీనాట్ (క్రిమి రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో చెప్పే) పరీక్షలో తేలిందా అన్నది కూడా ముఖ్యమే. రిఫాంపిసిన్‌కు లొంగని క్రిమికి ఆస్పిరిన్ ఏ రకంగానూ జవాబు కాదు.

ఎంతకాలం వేయాలి

మొదలుపెట్టే రోజే ఆపే రోజు కూడా అడగాలి. వియత్నాం ట్రయల్‌లో 60 రోజులు ఇచ్చారు, లక్నోలో ఫలితం చూసింది మూడు నెలలకు. ముందు జాగ్రత్తగా మాత్రమే మొదలుపెట్టి, స్ట్రోక్ రాకుండా, వాపు తగ్గి స్టెరాయిడ్ ఆగిపోయాక ఆస్పిరిన్ కొనసాగించడానికి సాధారణంగా కారణం ఉండదు. మూడు నెలల దగ్గర చూపించుకునేటప్పుడు ఆ మాట ఎత్తాలి. స్ట్రోక్ కనిపించి మొదలుపెట్టినవాళ్లకు ఇంకా ఎక్కువకాలం పట్టవచ్చు. బీపీ, షుగర్, గుండె సంగతి చూసి, మళ్లీ తీసిన ఎంఆర్ఐ చూసి న్యూరాలజిస్టు తేలుస్తారు.

డిశ్చార్జ్ రోజున చీటీలో నాలుగు సంగతులు రాయించుకోండి: ఆస్పిరిన్ ఎందుకు మొదలుపెట్టారు, ఎన్ని మి.గ్రా., ఏ తేదీ నుంచి, ఏ తేదీకి మళ్లీ చూడాలి. స్కాన్ సీడీ, రిపోర్టు, ఆ చీటీ ఒకే కవరులో పెట్టి ఊరికి తీసుకెళ్లండి. జిల్లా ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుకు ఆ కవరు ఇస్తే, మొదటినుంచి కథ చెప్పనక్కర్లేకుండానే ఆస్పిరిన్ ఆపాలో కొనసాగించాలో తేల్చగలుగుతారు.